డిజిటల్ యుగంలో మనిషి గౌరవం: సిరిసిల్ల, జగిత్యాల నేలపై కతోలిక సామాజిక బోధన

పనిచోట, బజారులో, ప్రభుత్వ కార్యాలయం గడప దగ్గర మనిషికి దక్కాల్సిన మర్యాద ఏమిటి, సమాజం అతనికి ఏం బాకీ పడి ఉంది అన్న విషయాలపై కతోలిక శ్రీసభ నూట ముప్పై ఏళ్లకు పైగా చెబుతూ వస్తున్న ఆలోచనలను కతోలిక సామాజిక బోధన అంటారు. ఇది ప్రార్థనా విధానాలకు సంబంధించినది కాదు. కూలి, ఆస్తి, సంఘం పెట్టుకునే హక్కు, ప్రభుత్వ బాధ్యత, యుద్ధం, పర్యావరణం దీని అంశాలు. ఇప్పుడు వాటితో పాటు సెల్‌ఫోన్, యాప్, ఆధార్, కృత్రిమ మేధ కూడా ఈ బోధన పరిధిలోకి వచ్చాయి. తెలంగాణలోని ముస్తాబాద్, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో సాంచాల (మరమగ్గాల) మీద, బీడీ చాటల ముందు, గల్ఫ్ దేశాల్లో చెమటోడ్చే కుటుంబాలకు ఈ బోధన ఎంతో దగ్గరి విషయం. అక్కడి ప్రజల జీవితంలోకి డిజిటల్ వ్యవస్థలు రేషన్ కార్డుగా, పింఛనుగా, ఉద్యోగ ప్రకటనగా ఇప్పటికే ప్రవేశించాయి.

పుట్టుక

1891 మే 15న 13వ లియో పోపు ‘రేరుమ్ నొవారుమ్’ అనే విశ్వలేఖను (శ్రీసభకు పోపు రాసే బోధనా లేఖను) వెలువరించారు. ఐరోపాలో ఆవిరి యంత్రాలు వచ్చాక పల్లెలు వదిలి ఫ్యాక్టరీలకు చేరిన కార్మికుల దుస్థితి అప్పటి ప్రధాన సమస్య. పనిగంటలకు హద్దు లేదు, పిల్లల చేత కూడా పని చేయించేవారు, కూలి ఎంతన్నది యజమాని ఇష్టం. కార్మికుడు ఒప్పుకున్నాడు కదా అని ఎంత తక్కువ కూలి అయినా న్యాయమైపోదని, కుటుంబం గౌరవంగా బతికేంత కూలి దక్కాలని, కార్మికులు సంఘం పెట్టుకోవడం సహజ హక్కు అని లియో వాదించారు. సొంత ఆస్తిని రద్దు చేయాలన్న సోషలిస్టు వాదాన్ని కూడా అదే లేఖలో తిరస్కరించారు. పెట్టుబడిదారుల దురాశను, రాజ్యం పేరిట మనిషిని మింగేసే ధోరణిని రెండింటినీ తప్పుపట్టే ఈ వైఖరి తర్వాతి పత్రాలన్నిటిలోనూ కనిపిస్తుంది.

1931లో 11వ పియుస్ ‘క్వాద్రజేసిమో ఆన్నో’, 1963లో 23వ యోహాను ‘పాచెమ్ ఇన్ తెర్రిస్’, 1967లో 6వ పౌలు ‘పోపులోరుమ్ ప్రోగ్రెస్సియో’ వెలువరించారు. రెండవ వాటికన్ మహాసభ 1965లో ఆమోదించిన ‘గౌదియుమ్ ఎత్ స్పెస్’ ఆధునిక ప్రపంచంతో శ్రీసభ సంబంధాన్ని నిర్వచించింది. 1981లో రెండవ జాన్ పాల్ ‘లాబోరెమ్ ఎక్సెర్సెన్స్’లో శ్రమ గురించి విస్తారంగా రాశారు. పెట్టుబడి కంటే శ్రమే ముందని, ఎందుకంటే శ్రమ వెనక మనిషి ఉన్నాడని ఆ లేఖ సారాంశం. ఈ బోధన మొత్తాన్ని ఒకచోట కూర్చిన సంగ్రహ గ్రంథం 2004లో వచ్చింది. 2015లో ఫ్రాన్సిస్ పోపు రాసిన ‘లౌదాతో సీ’, 2020లో రాసిన ‘ఫ్రతెల్లీ తుత్తీ’ ఈ వరుసలోవే.

నాలుగు మూలసూత్రాలు

మొదటిది మానవ గౌరవం. దేవుడు మనిషిని తన పోలికలో సృష్టించాడని బైబిలు మొదటి గ్రంథం చెబుతుంది. కాబట్టి కులం, చదువు, ఆదాయం, ఆరోగ్యం, పౌరసత్వం ఏవీ మనిషి విలువను పెంచలేవు, తగ్గించలేవు. ఈ గౌరవం ఎవరో ఇచ్చింది కాదు కనుక తీసేసే అధికారమూ ఎవరికీ లేదు. మంచం పట్టిన ముసలమ్మకు, జైలులో ఉన్న నేరస్థుడికి కూడా అది పూర్తిగా ఉంటుంది.

రెండోది ఉమ్మడి మేలు. కొందరికి లాభం కలిగి మిగిలినవారు నష్టపోతే, సగటు లెక్క ఎంత బాగున్నా అది ఉమ్మడి మేలు అనిపించుకోదు. అందరూ, ఒక్కొక్కరూ మనిషిగా ఎదగగల పరిస్థితులు ఉండాలి.

మూడోది సంఘీభావం. పక్కవాడి కష్టం చూసి జాలిపడటంతో ఇది ఆగదు. ఆ కష్టాన్ని తన బాధ్యతగా తలకెత్తుకుని చివరిదాకా నిలబడటమే సంఘీభావం.

నాలుగోది కింది స్థాయిని బలపరిచే సూత్రం. కుటుంబం, గ్రామం, సంఘం చేయగలిగిన పనిని పై అధికారం లాక్కోకూడదు. అవి చేయలేనప్పుడు మాత్రం పై అధికారం సాయానికి రావాలి. ఎక్కడో రాజధానిలోని సర్వరు తీసుకున్న నిర్ణయాన్ని మార్చే అధికారం ఊళ్లో ఎవరికీ లేకపోవడం ఈ సూత్రానికి విరుద్ధం.

వీటికి తోడు, ఏ విధానాన్నైనా ముందుగా పేదల వైపు నుంచి చూడాలన్న పట్టుదల ఈ బోధన అంతటా ఉంది. ఒక వ్యవస్థ మంచిదో కాదో తేల్చడానికి, అందులో అందరికంటే బలహీనుడికి ఏం జరుగుతోందో చూడాలన్నది దాని కొలమానం.

ఇంటర్నెట్, కృత్రిమ మేధ

డిజిటల్ మాధ్యమాలపై వాటికన్ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంటర్నెట్‌లో నైతికతపై 2002 ఫిబ్రవరిలోనే ఒక పత్రం వచ్చింది. ఉన్నవారికి, లేనివారికి మధ్య డిజిటల్ అంతరం పెరగడం న్యాయ సమస్య అని అది ఆనాడే హెచ్చరించింది. 2020 ఫిబ్రవరి 28న కృత్రిమ మేధ నైతికతపై ‘రోమ్ పిలుపు’ వెలువడింది. పొంటిఫికల్ అకాడమీ ఫర్ లైఫ్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఇటలీ ప్రభుత్వం దానిపై సంతకాలు చేశాయి. పారదర్శకత, అందరినీ కలుపుకోవడం, జవాబుదారీతనం, నిష్పక్షపాతం, నమ్మదగిన పనితీరు, భద్రత–గోప్యత అన్నవి అందులోని ఆరు సూత్రాలు. 2024 జూలైలో జపాన్‌లోని హిరోషిమాలో వివిధ మతాల పెద్దలు కూడా ఈ పిలుపుకు మద్దతుగా సంతకాలు చేశారు.

2024 ఏప్రిల్‌లో వెలువడిన ‘దిగ్నితాస్ ఇన్ఫినిత’ మానవ గౌరవానికి జరిగే అపచారాలను వరుసగా చెబుతూ పేదరికం, యుద్ధం, మనుషుల అక్రమ రవాణాల సరసన డిజిటల్ హింసను కూడా చేర్చింది. అదే ఏడాది జూన్ 14న ఇటలీలో జరిగిన జీ–7 సమావేశంలో ఫ్రాన్సిస్ పోపు కృత్రిమ మేధపై ప్రసంగించారు. ఒక పోపు ఆ సమావేశానికి హాజరు కావడం అదే మొదటిసారి. మనుషుల జీవితాలను మలుపు తిప్పే నిర్ణయాలు మనిషి చేతిలోనే ఉండాలని, తనంతట తాను గురిచూసి చంపే ఆయుధాలను నిషేధించాలని ఆయన కోరారు. 2025 జనవరి 28న వచ్చిన ‘ఆంతీక్వా ఎత్ నోవా’ మానవ బుద్ధికి, కృత్రిమ మేధకు ఉన్న తేడాను వివరించింది. యంత్రం కొన్ని పనులను మనిషి కంటే వేగంగా చేయగలదు. కానీ మనిషి బుద్ధి శరీరంతో, అనుబంధాలతో, మంచిచెడుల ఎరుకతో ముడిపడినది. పని చేసే సామర్థ్యాన్ని బట్టి మనిషికి విలువ కట్టడం మొదలుపెడితే పసిపిల్లలు, వృద్ధులు, వికలాంగులు లెక్కలోంచి జారిపోతారని ఆ పత్రం హెచ్చరిస్తుంది.

2025 మే 8న ఎన్నికైన కొత్త పోపు 14వ లియో అన్న పేరు ఎంచుకున్నారు. రెండు రోజుల తర్వాత కార్డినళ్లతో మాట్లాడుతూ కారణం వివరించారు. మొదటి పారిశ్రామిక విప్లవం నాటి కార్మిక ప్రశ్నకు 13వ లియో జవాబిచ్చారని, కృత్రిమ మేధ తెచ్చిన మరో పారిశ్రామిక విప్లవం ముందు ఇప్పుడు శ్రీసభ నిలిచి ఉందని చెప్పారు.

సర్వరు కొట్టేసిన రేషన్ కార్డు

ఈ సూత్రాలు తెలంగాణలో ఎలాంటి పరీక్షకు నిలవాలో రేషన్ కార్డుల ఉదంతం చూపుతుంది. వివిధ శాఖల దగ్గరున్న వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు, పింఛన్ల వివరాలను ఒక్కో వ్యక్తి పేరిట జతచేసే ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థను రాష్ట్ర ప్రభుత్వం తయారు చేయించుకుంది. అనర్హులను ఏరివేయడం దాని లక్ష్యాల్లో ఒకటి. 2014–2019 మధ్య రాష్ట్రంలో దాదాపు 19 లక్షల ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. చాలామందికి ముందస్తు నోటీసు లేదు. బియ్యం కోసం దుకాణానికి వెళ్లినప్పుడే కార్డు పోయిందని తెలిసింది. పేర్లు, ఇంటిపేర్లు కలిసినంత మాత్రాన వేరొకరి కారు తన పేరిట నమోదై కార్డు కోల్పోయిన నిరుపేదలు కూడా ఉన్నారు.

ఈ రద్దులపై కేసు సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించింది. మళ్లీ పరిశీలించమని 4.9 లక్షలకు పైగా అర్జీలు వచ్చాయి. జూలై నాటికి చూసిన 2,05,734 అర్జీల్లో 15,471 మంది అర్హులేనని తేలింది. వందకు ఏడెనిమిది మంది అన్నమాట.

అంకెలు చూసి ఇది చిన్న తప్పేనని ఎవరైనా అనుకోవచ్చు. సామాజిక బోధన దీన్ని అలా చూడదు. కార్డు పోయిన ఇంటికి నష్టం వందకు వంద. యంత్రం పొరపాటు పడటం ఒక అన్యాయమైతే, ఆ పొరపాటును తేల్చే భారం బియ్యం లేని మనిషి మీదే పడటం మరో అన్యాయం. మీసేవ కేంద్రానికి, తహసీల్ ఆఫీసుకు కూలి పోగొట్టుకుని తిరగాల్సింది ఆ కుటుంబమే. ఎందుకు రద్దు చేశారని అడిగితే సిస్టమ్‌లో చూపిస్తలేదన్న జవాబు తప్ప మరొకటి లేనప్పుడు, అక్కడ పౌరుడి మాట వినే మనిషే లేడు. రోమ్ పిలుపులో పారదర్శకత, జవాబుదారీతనం అన్నవి పెద్ద మాటల్లా వినిపించవచ్చు. ముస్తాబాద్ రేషన్ దుకాణం దగ్గర వాటి అర్థం చాలా సూటిగా ఉంటుంది: కారణం చెప్పాలి, చెప్పాకే తీసేయాలి, తప్పయితే వెంటనే తిరిగి ఇవ్వాలి.

సాంకేతికతను వద్దనడం ఈ బోధన ఉద్దేశం కాదు. దశాబ్దాల తరబడి ఆకు కత్తిరించి బీడీలు చుట్టిన చేతులకు, సాంచాల మీద పోగులు ముడివేసిన వేళ్లకు గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర పడక పింఛను కోసం పదేపదే తిరిగే వృద్ధుల కోసం 2025లో రాష్ట్రంలో ముఖ గుర్తింపు విధానం తెచ్చారు. మనిషి పరిస్థితికి తగ్గట్టు యంత్రాన్ని మార్చుకోవడం సరైన దిశ. అయితే ముఖం కూడా గుర్తుపట్టని రోజున, ఎదురుగా కూర్చున్న ఉద్యోగి ఆ ముసలమ్మను చూసి సంతకం పెట్టి డబ్బు ఇవ్వగలగాలి. చివరి మాట మనిషిది కావాలనడంలోని ఆంతర్యం ఇదే.

సాంచా నుంచి యాప్ దాకా

సిరిసిల్ల చేనేత నుంచి మరమగ్గాలకు మారిన పట్టణం. అక్కడివారు మరమగ్గాలను సాంచాలంటారు. సేటు నూలు ఇస్తాడు, ఆసామి తన సాంచాల మీద నేయిస్తాడు, కార్మికుడికి నేసిన బట్ట కొలతను బట్టి కూలి. ఆర్డరు ఉంటే రాత్రింబవళ్లు పని, లేకుంటే పస్తులు. పని లేక, అప్పులు తీర్చలేక నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న విషాదాలు ఈ పట్టణం చాలా చూసింది. ఎందరో భివండి, సూరత్‌లకు వలస పోయారు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లు పని కల్పించాయి. ప్రభుత్వ ఆర్డరు మీదే బతుకు ఆధారపడితే ఎంత అస్థిరమో కూడా తర్వాత తెలిసివచ్చింది.

13వ లియో రాసిన కార్మిక ప్రశ్న అంటే ఇదే. అదే ప్రశ్న ఇప్పుడు సెల్‌ఫోన్‌లో కనిపిస్తోంది. పల్లెల నుంచి హైదరాబాద్ చేరిన యువకులు బైకు మీద తిండి చేరవేస్తూ, కారు నడుపుతూ బతుకుతున్నారు. దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 2020–21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029–30 నాటికి 2.35 కోట్లకు చేరవచ్చని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. సాంచా కార్మికుడికి కనీసం ఆసామి ముఖం తెలుసు. యాప్ కార్మికుడికి యజమాని కనిపించడు. ఏ ఆర్డరు ఎవరికి వెళ్లాలో, రేటు ఎంతో, ఎవరి ఐడీ ఆపేయాలో అల్గారిథం తేలుస్తుంది. ఐడీ ఆగిందంటే ఆ రోజుతో ఉద్యోగం పోయినట్టే.

ఈ కార్మికులు సంఘంగా ఏర్పడి అడిగిన ఫలితంగా తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్, ప్లాట్‌ఫారం కార్మికుల ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. కార్మికుల నమోదు, కంపెనీల నుంచి సంక్షేమ నిధికి రుసుము, అల్గారిథం పనితీరును కార్మికులకు తెలియజేయడం, కారణం చెప్పకుండా తొలగించకపోవడం అందులోని ముఖ్యాంశాలు. రాజస్థాన్ 2023లోనే ఇలాంటి చట్టం చేసింది. న్యాయమైన కూలి, సంఘం పెట్టుకునే హక్కు, విశ్రాంతి అన్న 1891 నాటి డిమాండ్లకు అల్గారిథాన్ని ప్రశ్నించే హక్కు ఇప్పుడు జతకలిసింది.

కొత్త చెర

డిజిటల్ కాలంలో మానవ గౌరవానికి జరుగుతున్న అతి క్రూరమైన అపచారం ఈ ప్రాంతానికి బాగా తెలిసిన వలస దారిలోనే వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయి, మస్కట్, సౌదీలకు వలస పోవడం తరాలుగా ఉన్నదే. ఏజెంటుకు అప్పు తెచ్చి డబ్బు కట్టడం, చెప్పిన పని ఒకటైతే దొరికిన పని మరొకటి కావడం అక్కడివారికి అనుభవమే. ఈ మధ్య ఆ దారి కంబోడియా, మయన్మార్, లావోస్‌లకు మళ్లింది. కంప్యూటర్ పని, మంచి జీతం అని నమ్మించి చదువుకున్న యువకులను పంపారు. 2024లో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఒక యువకుడు కంబోడియాలో ఇలా చిక్కుకున్న కేసు బయటపడింది. పోలీసులు ఏజెంటును అరెస్టు చేశారు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో దర్యాప్తులోకి దిగింది.

అక్కడ పాస్‌పోర్టులు లాక్కుంటారు. ప్రహరీల మధ్య బంధించి, ఆన్‌లైన్‌లో అమ్మాయిల పేరిట స్నేహం నటిస్తూ, దొంగ పెట్టుబడులు చూపిస్తూ జనాన్ని మోసం చేయిస్తారు. లక్ష్యం చేరకపోతే కొడతారు, తిండి ఆపేస్తారు. ఇలాంటి చోట్ల మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో లక్ష మంది దాకా బలవంతంగా పనిచేస్తూ ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో తెలిపింది. 2025 మార్చిలో మయన్మార్ నుంచి బయటపడిన 549 మంది భారతీయులను రెండు వైమానిక దళ విమానాల్లో స్వదేశానికి తెచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

బానిసత్వాన్ని, మనుషుల అమ్మకాన్ని, మనిషిని లాభం తెచ్చే పనిముట్టుగా వాడుకోవడాన్ని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే మానవ గౌరవానికి మచ్చగా ఖండించింది. ఈ కొత్త చెరలో ఆ పాపం రెండింతలు. బందీ అయిన యువకుడి స్వేచ్ఛ పోతుంది. అతని చేతులతోనే మరో ఊళ్లో ఎవరో విశ్రాంత ఉద్యోగి జీవితకాలపు పొదుపు పోతుంది. బాధితుడినే నేరస్థుడిగా మార్చే ఈ వ్యాపారం మనస్సాక్షిని కూడా దోచుకుంటుంది. అందుకే తిరిగి వచ్చినవారిని అనుమానంగా చూడకుండా ఆదరించడం న్యాయం. మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా కతోలిక మఠకన్యలు 2009 నుంచి ‘తలీతా కుమ్’ అనే అంతర్జాతీయ అనుసంధానం ద్వారా పనిచేస్తున్నారు. 2015 నుంచి ఏటా ఫిబ్రవరి 8ని, చిన్నతనంలో బానిసగా అమ్ముడుపోయిన సూడాన్ పునీతురాలు జోసెఫిన్ బఖీతా పండుగ రోజును, ఈ బాధితుల కోసం ప్రార్థనా దినంగా పాటిస్తున్నారు.

తెలుగు శ్రీసభ ముందున్న పని

పాత కరీంనగర్ జిల్లా ప్రాంతం 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం (డయోసిస్) పరిధిలోనిది. ఇక్కడ కతోలికులు తక్కువే. ఈ బోధన మాత్రం కతోలికుల కోసమే రాసింది కాదు. 1963 నాటి ‘పాచెమ్ ఇన్ తెర్రిస్’ నుంచి ఈ సామాజిక విశ్వలేఖలను మంచి మనసున్న మనుషులందరినీ ఉద్దేశించి రాస్తున్నారు.

హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. మానవ గౌరవం అన్న మాటకు ఈ నేలపై కులం నుంచి విడదీసి అర్థం చెప్పలేం. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారతపై విధానపత్రం విడుదల చేస్తూ, శ్రీసభ లోపల కూడా కుల వివక్ష కొనసాగుతోందని ఒప్పుకుంది. ఇతరులకు చెప్పే నీతికి ముందు తానే తలవంచడం మంచి పని. ఆ ఒప్పుకోలు విచారణల్లో (పారిష్‌లలో), బడుల్లో, ఉద్యోగాల్లో ఆచరణగా కనిపించినప్పుడే ఆ బోధనకు బలం.

డిజిటల్ రంగానికీ ఇదే వర్తిస్తుంది. సికింద్రాబాద్‌లోని అమృతవాణి వంటి కతోలిక ప్రసార కేంద్రాలకు సామాజిక బోధనను తేలిక తెలుగులో జనానికి చేర్చే అవకాశం ఉంది. ఆడపిల్ల ఫొటోను మార్చి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం హింసేనని బడుల్లో పిల్లలకు నేర్పాలి. వివరాలు అడిగిన ప్రతి యాప్‌కూ ఒప్పుకోనక్కర్లేదని పెద్దలకు చెప్పాలి.

రాజ్యాంగం చెప్పేదీ ఇదే

మత విశ్వాసం లేనివారికి కూడా ఇక్కడ బలమైన ఆధారం ఉంది. భారత రాజ్యాంగ పీఠిక వ్యక్తి గౌరవానికి పూచీ ఇచ్చే సౌభ్రాతృత్వాన్ని లక్ష్యంగా ప్రకటించింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. మనిషి వివరాలను కాపాడాలన్న సూత్రం చట్టంలోకి ఎక్కింది. ఇక అది అమలు కావాలి.

ఆ అమలు పల్లెలో మొదలవ్వాలి. కార్డు, పింఛను, కూలి ఆగిపోతే రాతపూర్వకంగా కారణం అడగాలి, ఒంటరిగా కాక సంఘంగా అడగాలి. విదేశీ ఉద్యోగం అంటే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ–మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టాలి. ఆన్‌లైన్ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. మోసపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదని ఇంట్లో వాళ్లే మొదట చెప్పాలి. అధికారులు ఏ కొత్త యాప్ తెచ్చినా, అది పని చేయని రోజున పేదవాడు ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే నిర్ణయించాలి. మనిషి సమాధానం చెప్పలేని చోట యంత్రం చేత తీర్పు ఇప్పించడం న్యాయం కాదు. సాంచా కార్మికుడైనా, బీడీ కార్మికురాలైనా, యాప్ మీద బతికే యువకుడైనా, వారిని ఒక నంబరుగా చూసే ఏ వ్యవస్థనైనా ప్రశ్నించే హక్కు వారికుంది. ఆ ప్రశ్న వేసేటప్పుడు వారి పక్కన నిలబడటం మిగిలిన అందరి బాధ్యత.